చల్క నేలల చీమలు: గుర్తించే పద్ధతులు

గోదావరికి, మానేరుకు నడుమ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ పరచుకున్న మెట్ట నేల ఎడారి కాదు. ఏటా 250 మిల్లీమీటర్లకన్నా తక్కువ వాన పడే చోటును ఎడారి అంటారు. ఇక్కడ సుమారు 900 నుంచి 1000 మిల్లీమీటర్లు పడుతుంది. కాకపోతే ఆ వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే కురిసి ఆగిపోతుంది. రోహిణి కార్తె వచ్చేసరికి గాలి వేడి 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మొక్కా మోడూ లేని చల్క నేల పైపొర అరవై డిగ్రీల దాకా కాగుతుంది. నేలకు రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో ఒళ్లు మోసుకుంటూ నడిచే చీమకు ఆ మధ్యాహ్నం ఎడారితో సమానం. అందుకే ఈ నేలల్లోని చీమల బతుకులో ఎడారి చీమల తీరు చాలా కనిపిస్తుంది. ఎండ తగ్గాకే బయటికి రావడం, గింజలు దాచుకోవడం, పుట్టను లోతుకు దింపడం, మంచు బొట్టును కూడా వదలకుండా తాగడం ఈ కోవలోవే.

జనం చీమలను రంగును బట్టి, సైజును బట్టి గండుచీమ, నల్లచీమ, ఎర్రచీమ, చలిచీమ అని పిలుస్తారు. ఇంటి అవసరాలకు అది చాలు. జాతిని తేల్చాలంటే మాత్రం రంగును నమ్మకూడదు. ఒకే పుట్టలో కొత్తగా కోశం విడిచిన చీమలు పాలిపోయి ఉంటాయి, ముదిరినవి నల్లబడి ఉంటాయి. తోబుట్టువుల మధ్య కూడా సైజు రెండింతలు, మూడింతలు తేడాగా ఉండవచ్చు. ఎర్రచీమలని ఒకే పేరుతో పిలిచేవాటిలో కుట్టేవి, కుట్టకుండా కొరికేవి, గింజలు ఏరుకునేవి, చెట్టు దిగనివి అన్నీ ఉన్నాయి. చీమను గుర్తించేవారు మొట్టమొదట చూడవలసింది నడుము.

ఛాతీకీ పొట్టకీ మధ్య సన్నగా ఉండే ఆ భాగంలో పైకి పొడుచుకొచ్చిన కణుపు ఒకటే ఉందా, రెండున్నాయా అన్నది మొదటి ప్రశ్న. పదింతలు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం ఉంటే ఇది క్షణంలో తేలుతుంది. ఒకే కణుపు ఉండి, పొట్ట చివర కొండి లేకుండా చుట్టూ వెంట్రుకలున్న గుండ్రని రంధ్రం కనిపిస్తే అది ఫార్మిసినే ఉపకుటుంబం. గండుచీమలు ఇందులోవే, వీటి ఆయుధం ఫార్మిక్ ఆమ్లం. ఒకే కణుపుతో పాటు పొట్ట చివర అడ్డంగా చీలిక ఉండి, నలిపితే ఘాటు వాసన వస్తే డోలికోడెరినే. కణుపు ఒకటే అయినా కొండి ఉండి, పొట్ట మొదటి రెండు ఖండాల మధ్య నొక్కినట్టుంటే పోనెరినే, అంటే వేటచీమలు. కణుపులు రెండున్నవాటిలో అత్యధికం మిర్మిసినే ఉపకుటుంబానివి. గింజలు ఏరే చీమలు, వంటింటి సన్న చీమలు చాలావరకు వీటిలోనే ఉంటాయి.

నడుము తర్వాత మీసాలు చూడాలి. చీమ మీసం మోచేయిలా వంగి ఉంటుంది. దానిలో ఎన్ని ఖండాలున్నాయి, చివర ఎన్ని ఖండాలు ఉబ్బి గదలా ఉన్నాయి అన్న లెక్కతోనే ఎన్నో ప్రజాతులు విడిపోతాయి. ఆపైన ఛాతీ మీద ముళ్లు, కళ్ల స్థానం, దవడల పళ్లు వంతుగా వస్తాయి.

అసలు చూస్తున్నది చీమేనా అన్నది కూడా తేల్చుకోవాలి. తొలకరి వానకు దీపాల చుట్టూ మూగే ఉసిళ్లు చెదపురుగులు, చీమలు కావు. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము మందం, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. రెక్కల చీమకైతే ముందు రెక్కలు పెద్దవి, నడుము సన్నం, మీసం వంపు. నాగుల చవితికి పాలు పోసే పెద్ద పుట్టలు కూడా చెదల పనే. చీమలు పుట్టలు పెడితే పాములు వచ్చి చేరతాయన్న నానుడి ఎంత పాతదైనా, ఆ మట్టి శిఖరాలను లేపేది ఓడోంటోటెర్మెస్ ప్రజాతి చెదపురుగులే. మామిడి ఆకుల మీద ఎర్రచీమల మధ్య తిరిగే చీమను పోలిన సాలీడు ముందు కాళ్లను మీసాల్లా ఎత్తి పట్టుకుని ఎవరినైనా మోసం చేయగలదు. కాళ్లు లెక్కపెడితే ఎనిమిది తేలతాయి.

ఈ నేలల చీమలపై రాసిన తొలితరం వారిలో మద్రాసు సైన్యపు వైద్యుడు టి.సి. జెర్డన్ ముఖ్యుడు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన ఈయన పేరు తెలుగువారికి జెర్డన్ కలివికోడి ద్వారా తెలుసు. దక్షిణ భారత చీమల పట్టికను ఆయన 1851లో ప్రచురించాడు. ఆయన పేరు పెట్టిన జాతులు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ తర్వాత సి.టి. బింగామ్ 1903లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో చీమల సంపుటం వెలువరించాడు. అందులోని గుర్తింపు సూత్రాలను పరిశోధకులు ఇప్పటికీ తిరగేస్తారు, పేర్లు మాత్రం చాలా మారిపోయాయి. 2016లో హిమేందర్ భారతి బృందం కూర్చిన జాబితా ప్రకారం భారతదేశంలో 100 ప్రజాతులకు చెందిన 828 జాతులు, ఉపజాతులు ఉన్నాయి. ద్వీపకల్పపు చీమల గురించి అజయ్ నరేంద్ర, సునీల్ కుమార్ 2006లో తెచ్చిన చేతిపుస్తకం కొత్తగా మొదలుపెట్టేవారికి అన్నిటికన్నా సులువైన దారి.

దక్కన్ మెట్ట నేలల్లో అందరికీ కనబడే చీమ గండుచీమ, కాంపోనోటస్ కంప్రెసస్. 1787లో ఫాబ్రిషియస్ దీన్ని వర్ణించాడు. నిగనిగలాడే నలుపు, ఒంటి కణుపు, పక్క నుంచి చూస్తే విల్లులా ఒకే వంపులో సాగే వీపు దీని లక్షణాలు. ఒకే పుట్టలో సన్న తల చిన్న చీమల నుంచి భారీ తలల పెద్ద చీమల దాకా అన్ని సైజులూ ఉంటాయి. పెద్ద చీమ కరిస్తే రక్తం వస్తుంది, ఆ గాటులో ఆమ్లం చిమ్ముతుంది, అంతేగాని దీనికి కొండి లేదు. తుమ్మ కొమ్మలను పరిశీలిస్తే వీటి అసలు వ్యాపకం తెలుస్తుంది. బెరడు రంగులో కలిసిపోయి రసం పీల్చే ముల్లుపురుగులను ఇవి మీసాలతో తడతాయి, పురుగు వదిలిన తీపి బొట్టును తాగుతాయి, దగ్గరికొచ్చే సాలీళ్లను తరిమేస్తాయి.

దీని దగ్గరి చుట్టం కాంపోనోటస్ సెరీసియస్. పొట్ట మీద బంగారు రంగు పట్టు నూగు ఎండలో మెరుస్తుంటే భూతద్దం కూడా అక్కర్లేదు. నడకలోనూ దీన్ని పట్టుకోవచ్చు. తిండి దొరికిన చీమ పుట్టకు తిరిగొచ్చి ఒక్క తోటి చీమనే వెంట తీసుకెళ్తుంది. వెనకది ముందుదాని వెనక కాళ్లను, పొట్టను మీసాలతో తాకుతూ నడుస్తుంది. ఆ తాకిడి తప్పితే ముందుది అక్కడే ఆగిపోతుంది, మళ్లీ తాకాక గానీ కదలదు. హోల్‌డోబ్లర్ బృందం ఈ జంట నడకను 1974లోనే వివరంగా నమోదు చేసింది. బీడులో రెండు నల్ల చీమలు ఒకదాని వెంట ఒకటి అతుక్కున్నట్టు పోతుంటే సెరీసియస్ అయ్యే అవకాశం మెండు.

చల్క నేలలో గుర్తింపుకు అసలైన పరీక్ష గింజల చీమల దగ్గరే ఎదురవుతుంది. జగిత్యాల ప్రాంతంలో వేసవి నువ్వు వేసే రైతులకు విత్తిన మడిలోంచి, కల్లం అంచు నుంచి గింజలు వరసగా నడిచిపోవడం తెలిసిన సంగతే. ఆ వరసలో ఉండేవి కనీసం మూడు వేర్వేరు ప్రజాతులు కావచ్చు. మూడూ కంటికి ఎర్రగానో గోధుమ రంగులోనో ఉంటాయి, మూడింటికీ నడుము కణుపులు రెండే. వీటిని విడదీయడానికి పుట్ట నోరు, తల, మీసం, ఛాతీ ముళ్లు ఒక్కొక్కటే చూడాలి.

పుట్ట నోటి చుట్టూ పొట్టు, ఊక వలయంగా పోగుపడి ఉంటే ట్రైకోమిర్మెక్స్ స్కాబ్రిసెప్స్‌ను అనుమానించాలి. తల పైభాగమంతా సన్నని గీతలతో గరుకుగా ఉంటుంది. ఛాతీ మీద ముళ్లు ఉండవు. మీసంలో పన్నెండు ఖండాలు, చివరి మూడూ ఉబ్బి ఉంటాయి. చిన్న చీమ నుంచి పెద్ద చీమ దాకా సైజు మెల్లగా పెరుగుతూ పోతుంది.

వరసలో చిన్న చీమల మధ్య ఉన్నట్టుండి విపరీతమైన తలతో ఓ చీమ కనిపించి, నడిమి సైజువి అసలే లేకపోతే ఫైడోలే. దీని మీసంలోనూ పన్నెండు ఖండాలే, చివర మూడు ఉబ్బినవే, కానీ ఛాతీ వెనక భాగంలో రెండు ముళ్లు లేచి ఉంటాయి. గట్టి గింజలను పగలగొట్టేవి ఆ పెద్ద తలలవారే. ఈ ప్రజాతి చీమలనే కల్నల్ సైక్స్ పుణెలో గమనించి 1835లో వర్ణించాడు. పుట్టలో దాచిన గడ్డి గింజలు వానలకు తడిస్తే, వాన వెలిశాక అవి గింజలన్నిటినీ బయటికి తెచ్చి ఎండబెట్టడం ఆయన చూశాడు. వడ్లు తడిస్తే రైతు చేసే పనే అది.

మూడోది సోలెనాప్సిస్ జెమినేటా. చెయ్యి పెట్టగానే గుంపుగా ఎక్కి ఒక్కసారే కుడతాయి, మంట పుడుతుంది, మర్నాటికి చిన్న చీము పొక్కు తేలవచ్చు. మీసంలో పదే ఖండాలు, ఉబ్బినవి రెండే, ఛాతీ మీద ముళ్లు లేవు. ఈ లెక్క ఒక్కటీ సరిచూస్తే పొరపాటుకు తావుండదు. మన పొలం గట్ల మీద ఇంత పాతుకుపోయిన ఈ చీమ పుట్టిల్లు అమెరికా ఉష్ణ మండలం. పదహారో శతాబ్దంలో మెక్సికోలోని అకపుల్కో నుంచి మనీలాకు నడిచిన స్పానిష్ ఓడల్లో మట్టితో పాటు ఇది ఆసియాకు చేరిందని 2015లో జన్యు అధ్యయనం తేల్చింది. దున్నిన, తవ్విన, ఎండ తగిలే నేల దీనికి ఇష్టం. గింజలూ తింటుంది, పురుగులనూ వేటాడుతుంది, రైతుకు చేసే మేలూ కీడూ రెండూ చిన్నవి కావు.

మిర్మిసినేలోనే మరికొన్ని తేలికగా చిక్కేవి ఉన్నాయి. మిర్మికేరియా బ్రూనియా పొట్టను కిందికి వంచి నడుస్తుంది, మీసంలో ఏడే ఖండాలు, పుట్ట చుట్టూ వదులు మట్టి గోడ లేపుతుంది. మెరానోప్లస్ బైకలర్ ఛాతీ మీద డాలు పరచినట్టుంటుంది, వెనక పొడవైన ముళ్లు, ఒళ్లంతా వెంట్రుకలు, మీసంలో తొమ్మిది ఖండాలు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. క్రెమాటోగాస్టర్ చీమ బెదిరితే హృదయాకారపు పొట్టను తల మీదుగా ఎత్తుతుంది. రెండో కణుపు పొట్ట పైభాగానికి అతుక్కుని ఉండటం వల్లే దానికి ఆ విద్య సాధ్యం.

వేటచీమల్లో డయాకమ్మా ప్రజాతి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. నల్లని ఒంటిమీద వేలిముద్రల్లా లోతైన గాళ్లు, కణుపు మీద రెండు ముళ్లు ఉంటాయి. ఇవి బారులు తీరవు, ఒంటరిగా తిరుగుతాయి. వీటికి రెక్కల రాణి ఉండదు, పనిచీమల్లోనే ఒకటి గుడ్లు పెడుతుంది. డయాకమ్మా రుగోసమ్ పుట్ట నోటి చుట్టూ పక్షి ఈకలు, చచ్చిన చీమలు పేర్చి ఉండటం చూసి మార్క్ మొఫెట్ కారణం వెతికాడు. తెల్లవారుజామున ఆ ఈకల మీద మంచు బొట్లు కడుతున్నాయి, చీమలు వాటిని దవడల మధ్య పట్టుకుని లోపలికి మోసుకుపోతున్నాయి. 1985లో ఆయన ప్రచురించిన ఈ పరిశీలన భారతదేశపు ఎండు నేలల చీమల గురించి వెలువడినవాటిలో అత్యంత విలువైనదని చెప్పవచ్చు. నీటి చుక్క లేని నెలల్లో ఒక చీమ నీటిని ఎలా సంపాదిస్తుందో అది కళ్లకు కట్టింది. కాబట్టి మోదుగ చెట్ల మొదట్లో, గుట్టల అంచుల్లో ఈక గుచ్చిన కన్నం కనిపిస్తే పాదాలు పక్కకు పెట్టి, పొద్దు పొడవక ముందు మరోసారి చూడటం మంచిది.

చెట్లెక్కితే రెండు జాతులు కచ్చితంగా తెలిసి ఉండాలి. తుమ్మ వంటి చెట్ల బోలు కొమ్మల్లో ఉండే టెట్రాపొనేరా రూఫోనైగ్రా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. తల నలుపు, ఛాతీ ఎరుపు, పొట్ట నలుపు, కళ్లు పెద్దవి, కణుపులు రెండు. జెర్డన్ పేరు పెట్టిన జాతుల్లో ఇదొకటి. కొమ్మలు నరికేవారికి, మేకలకు మండలు కొట్టేవారికి దీని కాటు తెలుసు, నొప్పి గంటల తరబడి ఉంటుంది. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచి ప్రాణం మీదికి వచ్చే అలర్జీ కూడా రావచ్చు.

రెండోది జగిత్యాల మామిడి తోటల్లో ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఈకోఫిల్లా స్మారగ్డినా. నారింజ ఎరుపు, పొడవాటి కాళ్లు, పొడుగ్గా అణిగి ఉన్న ఒంటి కణుపు, కొండి లేదు. ఎదిగిన చీమలకు దారం తీసే శక్తి లేదు. వరుసగా నిలబడి రెండాకుల అంచులను దగ్గరికి లాగి పట్టుకుంటాయి, మరికొన్ని లార్వాలను దవడలతో పట్టుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకు తిప్పుతూ వాటి పట్టుతో కుడతాయి. కాయ కోసేవారికి ఇవి బాధే. అయితే ఆకు తినే పురుగులను ఏరిపారేస్తాయి, చైనాలో నిమ్మజాతి తోటల్లో వీటిని కావాలని పెంచడం పదిహేడు శతాబ్దాల నాటి మాట. పిండినల్లిని కాపాడతాయన్న ఫిర్యాదులోనూ నిజముంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆదివాసులు వీటితో చేసే పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇంట్లో దూరేవి వేరే జట్టు. తల, ఛాతీ నలుపు, పొట్ట, కాళ్లు పాల రంగు ఉన్న అతి చిన్న చీమ టాపినోమా మెలనోసెఫాలమ్, నలిపితే కుళ్లిన కొబ్బరి వాసన. లేత పసుపు రంగులో రెండు మిల్లీమీటర్లుండి రెండు కణుపులున్నది మోనోమోరియం ఫరవోనిస్, దవాఖానాల్లో గాయాల దాకా చేరే చీమ ఇదే. చాలా పొడవైన కాళ్లతో, మీసాలతో దిక్కుతోచనట్టు పరుగులు తీసే నల్లనిది పారాట్రెకినా లాంగికార్నిస్. మూడూ ఓడల్లో, సరుకుల్లో ప్రపంచమంతా తిరిగినవే.

మృగశిర చినుకులు పడ్డాక ఇంకో రెండు విషయాలు తోడవుతాయి. చీమలు గుడ్లు మోసుకుంటూ పోతే వాన వస్తుందంటారు. ఆ తెల్లటివి చాలావరకు గుడ్లు కావు, లార్వాలు, కోశాలు. అసలు గుడ్లు కంటికి ఆననంత చిన్నవి. రెండోది, వానాకాలపు రాత్రుల్లో దీపాల దగ్గర టపటప కొట్టుకునే, వేలి కణుపంత లావు పొట్టతో కందిరీగలా ఉండే గోధుమ రంగు పురుగు. అది డోరైలస్ చీమల మగది. దాని పనిచీమలకు కళ్లుండవు, మట్టి లోపలే బతుకుతాయి. వేరుశనగ కాయలను, దుంపలను కొరికేవి వీటిలో ఉన్నాయి.

సేకరణకు పెద్ద సరంజామా అక్కర్లేదు. తడిపిన చిన్న కుంచెతో చీమను తీసి 70 నుంచి 95 శాతం ఆల్కహాలున్న సీసాలో వేయాలి. పుట్ట దగ్గర పట్టినప్పుడు చిన్నవి, పెద్దవి రెండు రకాలూ తీసుకోవాలి, ఫైడోలే లాంటివాటిలో ఒక్క సైజు చీమతో జాతి తేలదు. ఊరు, నేల రకం, పట్టిన వేళ, తేదీ పెన్సిలుతో రాసిన చీటీ సీసా లోపలే ఉండాలి. ఇంకు ఆల్కహాలులో కరిగిపోతుంది. 2016 అక్టోబరు 11 వరకు ఈ మూడు పట్టణాలూ కరీంనగర్ జిల్లాలోవే కాబట్టి పాత నమూనాలతో పోల్చేటప్పుడు జిల్లా పేరు మీద ఆధారపడకుండా ఊరి పేరు చూడాలి. ఫోను కెమెరాకు చిన్న మాక్రో కటకం తగిలించి తల ముందు నుంచి, ఒళ్లు పక్క నుంచి, పై నుంచి మూడు ఫొటోలు తీస్తే కాలిఫోర్నియా సైన్సెస్ అకాడమీ నడిపే యాంట్‌వెబ్ బొమ్మలతో పోల్చవచ్చు. జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం, జగిత్యాల వ్యవసాయ కళాశాల, కోరుట్ల పశువైద్య కళాశాల ఉన్న ఈ ప్రాంతంలో విద్యార్థులు ఊరికో సీసా చొప్పున పోగుచేసినా పనికొచ్చే సంపద తయారవుతుంది.

నిజమైన ఎడారి చీమలతోనూ ఈ మూడు పట్టణాలకు సంబంధం ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ల నుంచి తరాలుగా వేలమంది గల్ఫ్ దేశాలకు పనికి వెళ్తున్నారు. కట్టడాల దగ్గర, ఖర్జూర తోటల్లో, ఎడారిలోని ఒంటె, గొర్రె మందల దగ్గర వారు చూసే చీమల్లో కాటాగ్లిఫిస్ ప్రముఖమైనది. భారతదేశంలోనూ వాయవ్య ప్రాంతాల్లో ఈ ప్రజాతి ఉంది. ఒంటి కణుపు, పొడవాటి కాళ్లు, మిట్ట మధ్యాహ్నపు పరుగు దీని గుర్తులు. మీసాలు ముఖపు కవచం అంచు దగ్గరే మొదలవుతాయి, గండుచీమకైతే ఆ అంచుకు బాగా పైన. ఈ ప్రజాతిలోని వెండిచీమ, కాటాగ్లిఫిస్ బాంబిసినా, సెకనుకు దాదాపు 85 సెంటీమీటర్లు పరుగెత్తుతుందని 2019లో జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచారు. దాని ఒంటిమీద త్రిభుజాకారపు వెంట్రుకలు ఎండను తిప్పికొడతాయి. మరో ఎడారి జాతి కాటాగ్లిఫిస్ ఫోర్టిస్ అడుగులు లెక్కపెట్టుకుంటుందని 2006లో తేలింది. కాళ్లకు పంది వెంట్రుకలు అతికించి పొడుగు చేసిన చీమలు పుట్టను దాటిపోయాయి, కాళ్లు కురచ చేసినవి పుట్టకు ముందే ఆగిపోయాయి. గింజలు ఏరే మెస్సర్ చీమల్లో ఎడారి జాతులకు తల అడుగున పొడవాటి వెంట్రుకల గడ్డం ఉంటుంది, ఇసుకను దానిలో ఇరికించి మోస్తాయి.

గల్ఫ్‌కు వెళ్లేవారు తప్పక గుర్తుపట్టవలసినది మాత్రం అతి మామూలుగా కనిపించే ఒక నల్ల చీమ, బ్రాకీపొనేరా సెనారెన్సిస్. అక్కడ సంసమ్ చీమ అంటారు. ఆఫ్రికా మూలాలున్న ఈ చీమ సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో తోటలకు, పచ్చికకు, నీటి కొళాయిలకు దగ్గరి తడి మట్టిలో ఉంటుంది. పొడవు అర సెంటీమీటరు పైచిలుకు, రంగు నలుపు గోధుమ, నడుముకు నిటారుగా లేచిన ఒకే కణుపు, పొట్ట చివర కొండి. కాళ్లు, మీసాలు పారాట్రెకినాకు ఉన్నంత పొడుగ్గా ఉండవు, నడక నిదానం. చాలామందికి దీని కాటు కాసేపు మంటతో పోతుంది. కొందరికి నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, గొంతు వాపు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం జరుగుతాయి. మరణాలు కూడా నమోదయ్యాయి. ఈ లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యాలతో ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. ఎడ్రినలిన్ ఇంజెక్షనే మొదటి మందు. ఒకసారి ఇలా అయినవారు మళ్లీ కుట్టించుకుంటే ప్రమాదం ఎక్కువ కాబట్టి, తోటపని చేసేటప్పుడు బూట్లు, చేతి తొడుగులు వేసుకోవాలి. వైద్యుడు రాసిస్తే ఆ ఇంజెక్షను పెన్నును వెంట ఉంచుకోవాలి, పక్క గదిలోని తోటివారికీ దాన్ని ఎలా వాడాలో నేర్పాలి.